పనసాకు బుట్టల్లో చాక్లెట్ కేకు

మా చిన్నప్పుడు... స్కూలు గేటు దగ్గర నిలబడి మా అమ్మ ఇచ్చిన ఒక మాట నా ప్రాణం మీదికి తెచ్చింది.

మాది రామచంద్రపురం దగ్గర పల్లెటూరు. కేకంటే టౌనుకెళ్ళినప్పుడు బేకరీ అద్దాల వెనక చూసేదే... ఇంట్లో చేసుకునేది కాదు. నా పుట్టినరోజు వస్తోందని తెలిసి, మా క్లాసులో కొత్తగా చేరిన లావణ్య మా అమ్మని అడిగింది. వాళ్ళ నాన్నగారు బ్యాంకు ఉద్యోగి, రాజమండ్రి నుంచి బదిలీ మీద వచ్చారు.

"ఆంటీ, కేకు ఉంటుందా?"

"ఎందుకుండదమ్మా... చాక్లెట్ కేకు! నేనే చేస్తాను. అందరూ రండి."

అమ్మ అప్పటిదాకా కేకు చేసింది లేదు... ఎవరైనా చేస్తుంటే చూసింది కూడా లేదు!

"ఎలా చేస్తావమ్మా?" అంటే, "మీ అత్తయ్య చెప్పిందిలే. బిస్కెట్లు, పాలు, వంటసోడా... అంతే. ఇడ్లీ వెయ్యడం కన్నా తేలిక" అంది ధీమాగా.

పుట్టినరోజు ఆదివారం వచ్చింది. పొద్దున్నే చాక్లెట్ బిస్కెట్లు రోట్లో మెత్తగా దంచి, పాలు పోసి, సోడా వేసి కలిపింది. ఇల్లంతా కమ్మటి వాసన... అంతవరకు బాగానే ఉంది. ఆ తర్వాత గిన్నె మీద మూత పెట్టి, గుడ్డ కప్పి, పొయ్యి పక్కన వెచ్చగా పెట్టేసింది.

"పిండన్నాక పులవాలి కదే... అప్పుడే పొంగుతుంది."

రోజూ మినప్పిండి పులవబెట్టే చెయ్యి మరి... ఇంకెలా ఆలోచిస్తుంది? సోడా కలిపాక వెంటనే ఉడికించకపోతే పొంగంతా చచ్చిపోతుందని పాపం ఆవిడకేం తెలుసు.

మధ్యాహ్నం ఇడ్లీపాత్రలో పెట్టి ఉడికించి మూత తీస్తే... అట్టముక్కలా అణిగిపోయి ఉంది. వేలితో లాగితే సాగుతోంది. కాసేపట్లో పిల్లలొచ్చేస్తారు! నేను ఏడుపు లంకించుకున్నాను. నా పరువు సంగతి సరే... అందరి ముందూ మాటిచ్చిన అమ్మని చూసి నవ్వుతారేమోనని నా భయం.

"మీ అత్తయ్య పులవబెట్టమనలేదు... నేనే ఎక్కువ తెలివి చూపించాను" అని అమ్మే నవ్వేసింది. "ఏడుపాపి కొట్టుకెళ్ళి మళ్ళీ బిస్కెట్లు పట్రా. పరిగెత్తు!"

నేను వచ్చేసరికి దొడ్లోని పనసచెట్టు ఆకులు కోసి ముందేసుకుని కూర్చుంది. మా వైపు ఇడ్లీపిండిని పనసాకు బుట్టల్లో పోసి ఉడికిస్తాం కదా... పొట్టిక్కలు. ఆ పనిలో మా అమ్మని మించినవాళ్ళు ఊళ్ళో లేరు. కొబ్బరి ఈనె ముక్కలతో ఆకులు గుచ్చి చకచకా బుట్టలు కుట్టేసింది. ఈసారి సోడా కలపడం, బుట్టల్లో పొయ్యడం, ఆవిరి మీద పెట్టడం... అన్నీ ఊపిరి తీసుకోకుండా చేసేసింది.

మూత తీస్తే... బుట్ట అంచు దాటి పొంగాయండీ ఒక్కొక్కటీ!

పిల్లలొచ్చారు. లావణ్య బుట్టని అటూ ఇటూ తిప్పి చూసింది. "కేకు ఆకులో ఉందేంటి?" అంది. అమ్మ గుమ్మంలో నిలబడి నవ్వుతూనే ఉంది కానీ, చేతులు కొంగుని నలిపేస్తున్నాయి.

లావణ్య ఒక ముక్క తింది. ఇంకో ముక్క తింది. ఆకు విప్పి అంటుకున్నది కూడా గీక్కుని తినేసి, "ఆంటీ... ఇంకోటి ఉందా?" అంది.

అంతే... క్షణాల్లో గిన్నె ఖాళీ!

సాయంత్రం లావణ్య వాళ్ళమ్మగారు మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. "ఏవండీ, మా అమ్మాయి ఒకటే గోల... ఆ ఆకు కేకు ఎలా చేశారో కాస్త చెప్తారా?"

అమ్మ పీట వేసి కూర్చోబెట్టి, ఏళ్ళ తరబడి కేకులు చేస్తున్నదానిలా, "ఏం లేదండీ... సోడా వేశాక మాత్రం అస్సలు ఆగకూడదు" అంది! నాకు నవ్వాగలేదు. అయినా ఆ రోజు మా అమ్మని చూసి నేను పొంగిపోయినంతగా ఆ కేకులు కూడా పొంగలేదు.

ఇప్పుడు మా పాప పుట్టినరోజుకి ఫోన్లో నొక్కితే కేకు గుమ్మంలోకి వస్తుంది... బాగానే ఉంటుంది, అబద్ధమెందుకు. తింటారు, ఫొటోలు దిగుతారు, వెళ్ళిపోతారు. ఎవరు చేశారని మాత్రం ఒక్కరూ అడగరు.

అందుకే నేను అడుగుతున్నాను... మీ ఇంట్లో మొట్టమొదటి కేకు ఎవరు చేశారు? కింద రాయండి.

మా ఇంట్లో అయితే... మా అమ్మండీ!