గాజు మిషనుకు పూజ

మా నాన్న ముక్కును మోసం చేయడం ఎవరి తరమూ కాదు. ఆయన పని కోసం ఈ హిందీ ఊరికి వచ్చి, జుగ్సలాయి దగ్గర ఒక షెడ్డులో కాంట్రాక్టు కింద ఇనుప ట్యాంకులకు రంగు కొట్టేవాడు. రంగులో కలిపే థిన్నరు వాసన పొద్దస్తమానం పీల్చి, ఇంటికొచ్చాక తలనొప్పితో అన్నం సహించక గోడకు ఆనుకుని కూర్చునేవాడు. కిరసనాయిలుతో చేతులు తుడుచుకుని, సబ్బుతో ఎంత రుద్దుకున్నా ఆ వాసన వదిలేది కాదు. సిద్ధగోరాలో మా ఇంటి గుమ్మంలోకి ఆయనకంటే ముందు అదే వచ్చేది.

అలాంటి మనిషికి, నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, నా జడలోంచి అలాంటి వాసనే తగిలింది.

"ఏటే గుంటా, నీ జుట్టు కాడ థిన్నరు కంపేటి?"

"థిన్నరు కాదు నాన్నా, హెక్సేను" అన్నాను, పేరు మారితే కంపు పోతుందన్నట్టు.

నాది నది అవతల ఒక చిన్న ల్యాబు. చుట్టుపక్కల అడవుల్లోంచి వచ్చే సాల్ చెట్ల గింజల్లో నూనె ఎంతుందో తేల్చి చెప్పడం మా పని. గింజల పొడిలో హెక్సేన్ పోస్తే నూనె అందులోకి దిగుతుంది. ఆ తర్వాత హెక్సేన్‌ను ఆవిరి చేసి పంపేస్తే నూనె మిగులుతుంది. పంపేయడమంటే ఏమీ లేదు, బీకరును వేడి నీళ్ళ మీద పెట్టి, కిటికీ తెరిచి, ఎదురుగా కాపలా కూర్చోవడమే. కిటికీలోంచి పోయిన దానికన్నా నాలోకి పోయిందే ఎక్కువని ఇప్పటికీ నా అనుమానం.

నాన్న ఒక్క మాటలో తేల్చేశాడు. "నాను పీల్చింది సాలు. ఇంట్లో ఇద్దరు పీల్చక్కర్నేదు. మానెయ్."

నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. ఆ ఉద్యోగం నాకు ప్రాణం. మడ్డిలా కనిపించే ద్రవంలోంచి చివరికి బంగారు రంగు నూనె మిగలడం చూస్తుంటే నాకు ఆకలి గుర్తొచ్చేది కాదు. అది మానేసి ఇంట్లో కూర్చుని ఎవరి మొహం చూడను?

సరిగ్గా ఆ వానాకాలంలోనే మా ల్యాబుకు రోటరీ ఎవాపరేటర్ వచ్చింది. గుండ్రటి గాజు ఫ్లాస్కు గోరువెచ్చని నీళ్ళలో వాలుగా కూర్చుని మెల్లగా తిరుగుతుంది. లోపలి ద్రవం పెనం మీద దోసె పిండిలా గోడకంతా పల్చగా పరుచుకుంటుంది. కుళాయికి తగిలించిన పంపు లోపలి గాలిని లాగేస్తుంది కాబట్టి ఆ కాస్త వేడికే హెక్సేన్ మరిగిపోతుంది. ఆవిరి బయటికి రాదు. పైనున్న గాజు గొట్టంలో చల్లటి నీళ్ళ చుట్టకు తగిలి, మళ్ళీ చుక్కలై, కింది సీసాలో పడుతుంది. బిగించినవాళ్ళు తిప్పి చూపించినప్పుడు, ఆ చుక్కలు చూసి నాకు నాన్నే గుర్తొచ్చాడు. కానీ పనిముట్లకు చేసే విశ్వకర్మ పూజ అయ్యాకే దాన్ని పనిలో పెట్టాలన్నారు మా పెద్దసారు.

ఇంటికెళ్ళి ఉత్సాహంగా చెప్పాను. ఆయన నమ్మలేదు.

"గాజు గొట్టాలు కంపు తినేత్తాయేటి? నాను సూడాల."

బయటివాళ్ళను మా ల్యాబులోకి రానిచ్చేది ఏడాదికి ఒక్క రోజు, విశ్వకర్మ పూజకు. ఈ ఊళ్ళో ఆ రోజు పనివాళ్ళ ఇళ్ళల్లోని వాళ్ళంతా తయారై పని చోటు చూడటానికి వస్తారు. "పూజనాడు రా నాన్నా, నీ ముక్కు ఏం చెబితే అదే" అన్నాను. పందెం కాసినంత ధీమాగా అన్నాను. పూజనాడు ఏ పనిముట్టూ కదపకూడదనీ, మిషన్లన్నిటికీ సెలవనీ, ఈ ఊళ్ళో పుట్టి పెరిగిన నాకే తట్టలేదు. అదీ నా తెలివి!

ముందు రోజు గాజు సామానంతా కడిగి ఆరబెట్టి, ఫ్లాస్కు తగిలించే గొట్టం మూతికి, గాలి దూరకుండా, గ్రీజు రాసి వచ్చాను. పూజకు మా వాళ్ళు ఆ మిషనుకు సిందూరం బొట్లు పెట్టి, బంతిపూల దండ వేశారు. నాన్న తన షెడ్డులో పూజ ముగించుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. ఒక్క నిమిషం తిప్పి చూపిస్తానని మా పెద్దసారును బతిమాలాను. "ఆజ్ నహీ బేటీ" అని ఆయన నవ్వేశారు. నాన్న కూడా, "తప్పమ్మా, ఈయేళ ముట్టుకోకు" అన్నాడు.

ఇక ఏం చూపించను? దండ వేసుకుని కదలకుండా కూర్చున్న గాజు సామాను ముందు ఆయన్ను నిలబెట్టి, ఆవిరి ఇటు పోతుంది, చుక్కలు ఇటు పడతాయి అంటూ చేతులు ఊపాను. నా మాటలు నాకే కట్టుకథలా వినిపించాయి. ప్రసాదం తేవడానికి వెళ్ళి వచ్చేసరికి ఆయన చేతులు వెనక్కి కట్టుకుని మిషను వైపే చూస్తున్నాడు. "పదా, పోదాం" అన్నాడు. దారంతా ప్రసాదం నములుతూ నడిచాడు. ఇంటికొచ్చాకా మిషను ఊసెత్తలేదు. అడిగే ధైర్యం నాకు లేకపోయింది. అడిగితే మానేయమంటాడని భయం.

మర్నాడు పొద్దున్నే ఫ్లాస్కు తగిలించి మిషను పెట్టాను. వాక్యూమ్ నిలవలేదు, ఎక్కడినుంచో లోపలికి గాలి దూరుతోంది. గేజి ముల్లు కాస్త కదిలి ఆగిపోతోంది. కుళాయిలో నీళ్ళ జోరు తగ్గిందేమో అనుకున్నాను, తగ్గలేదు. రబ్బరు గొట్టం మార్చాను, లాభం లేదు. ఒక్కో జాయింటు దగ్గర చెవి పెట్టి విన్నాను. ఫ్లాస్కు మూతి దగ్గర సన్నగా బుస్సుమంటోంది. విప్పాను.

గ్రీజులో ఒక బియ్యపు గింజ అంటుకుని ఉంది. నలిగింది కానీ పసుపు పోలేదు.

మా ల్యాబులో పూజకు సిందూరం, బంతిపూలు తప్ప పసుపు బియ్యం ఎవరూ తేలేదు. అక్షింతలు మా ఇంట్లోవి. అమ్మ ఏటా పసుపూ నెయ్యీ కలిపి పొట్లం కట్టి ఇస్తే, నాన్న షెడ్డుకు పట్టుకెళ్ళి తన రంగు కొట్టే గన్ను మీద చల్లుకునేవాడు. ఈసారి కొన్ని మిగుల్చుకున్నాడన్నమాట. నేను ప్రసాదానికి వెళ్ళినప్పుడు, తిరగని మిషను మీద, తన ముక్కు ఇంకా నమ్మని మిషను మీద, నా కోసం చల్లాడు. నాకు కళ్ళల్లో నీళ్ళు ఆగలేదు. పెద్దసారు ఏమైందని అడిగితే, లీకు దొరికిందన్నాను.

ఆ సాయంత్రం నాన్న వచ్చేసరికి చీకటి పడుతోంది. గుమ్మం దగ్గరకు వెళ్ళి తల వంచి నిలబడ్డాను. ఆయన నా జడ వాసన చూశాడు. మళ్ళీ చూశాడు.

"తిరిగిందేటి నీ గాజు మిషను?"

"తిరిగింది నాన్నా."

"ఊఁ. పొద్దున్న బేగి లెగు. ఆలీసమైతే టెంపో దొరకదు."

అంతే, అదే ఆయన ఒప్పుకోలు. గంతులేయాల్సింది నేను. కానీ ఆయన కిరసనాయిలు గుడ్డ తీసుకుని పెరట్లోకి వెళ్ళాక కూడా గుమ్మంలో ఆ థిన్నరు వాసన అలాగే ఉంది. ఇన్నాళ్ళూ అందులో ఎంత నాదో, ఎంత ఆయనదో తెలిసేది కాదు. ఇప్పుడు తెలిసింది, అదంతా ఆయనదే.