మూలలాయన లెక్కల పరీక్ష

మా మేడమీద రెండు గదుల్లో ఉండే మూలలాయన కాలేజీ పరీక్షలో కాపీ కొడుతూ దొరికాడనీ, అది తెలిసే అట్టపెట్టెల ఫ్యాక్టరీవాళ్ళు ఆయన్ని ఇంటికి పంపేశారనీ మా వీధంతా అనుకుంటోంది. పరీక్ష తప్పిన మాట నిజం. ఉద్యోగం పోయిన మాటా నిజం. ఆ రెంటికీ మధ్య కాస్త ఖాళీ కనిపించేసరికి మనవాళ్ళు అందులో కాపీని కూరారు.

మొదలుపెట్టింది లాండ్రీ కొట్టాయన.

"నిప్పు లేందే పొగ రాదు కదమ్మా" అన్నాడు నాతో, నా చీరే ఇస్త్రీ చేస్తూ.

"నీ కొట్లో నిప్పెక్కడుందయ్యా? ఆ కరెంటు పెట్టెలోంచి పొద్దస్తమానం పొగలు రావట్లేదూ?"

"అది పొగ కాదమ్మా, ఆవిరి."

"ఇదీ అంతే" అన్నాను.

ఆ లాండ్రీ ఆయన తమ్ముడి కూతురు అదే హాల్లో పరీక్ష రాసింది. మూలలాయన ముందున్న అట్టని కాపలా ఉన్న సారు లాక్కోవడం ఆ పిల్ల కళ్ళారా చూసింది. చూసినంతవరకూ అబద్ధమేం లేదు. కాగితం కింద పెట్టుకుని రాసుకునే అట్ట అది. అందరూ కొట్లో కొనుక్కుంటే ఈయన తన బల్ల మీద తనే కోసుకుని పట్టుకెళ్ళాడు. దాని మీద మడత గీతలూ, పెన్సిలు గుర్తులూ ఉన్నాయి. ఏదో రాసుకొచ్చాడనుకుని ఆ సారు దాన్ని వెలుతురులోకి తీసుకెళ్ళి, అటు తిప్పి ఇటు తిప్పి, ఏమీ లేదని పది నిమిషాల్లో తిరిగిచ్చేశాడు. తిరిగిచ్చేటప్పుడు ఆ పిల్ల తలొంచుకుని రాసుకుంటోంది. పాపం, బుద్ధిగా చదివే పిల్ల. దాని తప్పు లేదు.

ఇదంతా నాకెలా తెలుసంటే, కాలేజీకి వెళ్ళి కనుక్కున్నాను. ఆ సంగతి దాని చోట చెబుతాను.

మూలలాయన్ని అసలు పేరుతో పిలిచేది ఆయన జీతం కాగితం ఒక్కటే. పందొమ్మిదో ఏట ఆ ఫ్యాక్టరీలో చేరాడు. ఇరవై ఏడేళ్ళు ఒకే బల్ల, కిటికీ పక్కన మూడోది. ఒకసారి భోజనం డబ్బా మరిచిపోయాడని వంక పెట్టుకుని నేనే పట్టుకెళ్ళి చూసొచ్చాను. ఎదురుగా అట్ట. చేతిలో ఉక్కు స్కేలు, కత్తి, మడత గీసే చిన్న చక్రం. అట్టకి నాలుగు మూలల్లోనూ నాలుగు చదరపు ముక్కలు కోసి పారేస్తాడు. మిగిలిన నాలుగు రెక్కలూ పైకి లేపితే పెట్టె. చూడ్డానికి ఇంతే. కానీ మూల ఎక్కువ కోస్తే పెట్టె ఇరుకవుతుంది, తక్కువ కోస్తే పళ్ళెంలా చదునుగా తయారవుతుంది. ఎంత కోస్తే ఎక్కువ సరుకు పడుతుందో ఆయన అట్టని ఓసారి చేత్తో తడిమి చెప్పేసేవాడు. పక్క బల్లలవాళ్ళు స్కేలు కింద పెట్టి, "మూలలన్నా, దీనికెంత?" అని అడగడం నా చెవులారా విన్నాను. పేరు అలా వచ్చింది.

నాలుగేళ్ళ కిందట మేనేజరు పిలిచి చెప్పాడు. కోసే మిషను వస్తోంది, చేతి బల్లలు ఒక్కొక్కటే తీసేస్తారు. పై అంతస్తులో ప్లానింగు అని ఒక గది పెడతారు, ఏ పెట్టెకి ఎంత కొలతో అక్కడ నిర్ణయించి కిందికి పంపుతారు. "నీకన్నా తెలిసినవాడు లేడు. కానీ డిగ్రీ లేకుండా ఆ కుర్చీలో కూర్చోబెట్టడానికి రూలు ఒప్పుకోదు. తెచ్చుకో. చివరి బల్ల తీసేవరకూ కుర్చీ ఖాళీగా ఉంచుతా" అన్నాడు.

నలభై రెండేళ్ళ మనిషి సాయంకాలం కాలేజీలో వ్యాపారం డిగ్రీకి చేరాడు. వీధిలో నవ్వనివాళ్ళు లేరు. నేనూ నవ్వాను, దాచుకోవడం ఎందుకు. కానీ ఆయన అన్నీ గట్టెక్కాడు. ఇంగ్లీషు, చట్టాలు, జమాఖర్చులు, ఇంకా నాకు నోరు తిరగనివి కొన్ని. ఒక్కటే కొరకరాని కొయ్య అయింది. దాని పేరు కాల్‌క్యులస్. వ్యాపారం చదివేవాళ్ళకి తేలిగ్గా చేసి చెబుతారట. ఆ తేలిక దాంట్లోనే రెండుసార్లు తప్పాడు.

తెల్లవారుజామున నేను నీళ్ళు పట్టుకోవడానికి లేచేసరికి మెట్ల మీద కూర్చుని ఉండేవాడు. పక్కన పదో తరగతి చదివే కూతురు. తండ్రికి అదే పంతులమ్మ.

"నాన్నా, ఎక్స్ అంటే ఏదో ఒక అంకె అనుకో."

"ఏదో ఒకటి అనుకుంటే కత్తి ఎక్కడ పెట్టను?"

"కత్తి పెట్టొద్దు! ముందు లెక్క కానీ."

"లెక్కయ్యాకైనా పెట్టాలి కదే."

"మామ్మా, నువ్వైనా చెప్పు ఈయనకి" అని నా మీదికొచ్చేది. ఐదో తరగతితో బడి మానేసినదాన్ని, నేనేం చెబుతాను? కానీ తెలుసుకోకపోతే నాకు నిద్ర పట్టదు. "అసలు అదేం చదువయ్యా?" అని ఆయన్నే అడిగాను.

"పిన్నీ, కూరలో ఉప్పేస్తావు. వేసేకొద్దీ రుచి పెరుగుతుంది. ఒకచోట పెరగడం ఆగుతుంది. ఆ పైన చిటికెడు వేసినా చెడడమే. ఆ ఆగే చోటు ముందుగానే పట్టుకోవడం, ఇదంతా."

"దానికి నాలిక చాలదూ?"

"నాకూ చెయ్యి చాలేది" అన్నాడు నవ్వుతూ.

మూడోసారి చదివేటప్పుడు ఆయనకి ధైర్యం వచ్చింది. ఎందుకంటే పాఠంలో ఆయన పెట్టే వచ్చింది. ఆ రోజు కాలేజీనుంచి వచ్చి, పైకి కూడా పోకుండా మా గుమ్మంలోనే నిలబడి చెప్పాడు. లెక్కల మేడం బోర్డు మీద చదరం గీసిందట. ఇరవై నాలుగంగుళాల అట్ట, మూలలు ఎంత కోస్తే పెట్టెలో ఎక్కువ పడుతుంది? ఆవిడ చేతిలో సుద్దముక్క ఇంకా కదలకముందే ఈయన "నాలుగంగుళాలండీ, పక్క కొలతలో ఆరో వంతు" అనేశాడట. క్లాసు క్లాసంతా వెనక్కి తిరిగిందట.

"ఎలా చెప్పారండీ?" అందట మేడం.

"అలవాటండీ. మడతకి వదిలేది వేరే."

"మడతకి వదలడమేమిటి?"

అప్పుడీయన లేచి చెప్పాడట. అట్టకి మందం ఉంటుంది. ఆ మందానికని మూల దగ్గర ఒక నూలు, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, తగ్గించి కొయ్యాలి. లేకపోతే రెక్క లేపేటప్పుడు బిగుసుకుని మూల చీలుతుంది. మేడం శ్రద్ధగా విని, "నిజమేనండీ. కానీ మన లెక్కలో అట్టకి మందం లేదనుకుందాం. పరీక్షలోనూ అంతే. నాలుగు అని రాయండి, ఎలా వచ్చిందో మెట్టు మెట్టుగా చూపించండి, మార్కులు మీవే" అందట.

"సరే అన్నాను పిన్నీ. లేదనుకుంటే పోయేదేముంది" అన్నాడు.

అప్పటికి ఫ్యాక్టరీలో ఆయన బల్లతో కలిపి రెండే మిగిలాయి. ఈసారి తప్పితే ఇంకో పరీక్షకి ఏడాది ఆగాలి, కుర్చీ ఆగదు. ఆ సంగతి వాళ్ళావిడకి తెలుసు, కూతురికి తెలుసు, నాకు తెలుసు. పరీక్ష రోజు పొద్దున్న కూతురు మెట్ల మీద నిలబెట్టి, "అట్టకి?" అని అడిగింది. "మందం లేదు" అన్నాడు తండ్రి. "మళ్ళీ చెప్పు." "లేదే తల్లీ, లేదు!" నవ్వుకుంటూ దిగి వెళ్ళాడు.

నలభై రావాలి. ముప్పై మూడు వచ్చాయి.

నెల తిరక్కుండా బల్ల తీసేశారు. స్కేలూ చక్రమూ ఇంటికి తెచ్చుకోనిచ్చారు. కుర్చీలోకి డిగ్రీ ఉన్న కొత్తమ్మాయి వచ్చింది. ఇప్పుడు ఆయన బస్టాండు వెనక పార్సిలు ఆఫీసులో, ఎవరో ఎక్కడో చేసిన పెట్టెలకి టేపు అంటిస్తాడు. పొద్దున్నే వెళ్ళిపోతాడు, పెందలాడే వస్తాడు, ఎవరితోనూ మాట్లాడడు. వీధిలో కాపీ మాట పుట్టినా కాదనలేదు, అవుననలేదు. కూతురు బళ్ళో ఎవరితోనో జుట్టు జుట్టు పట్టుకుని వచ్చింది. వాళ్ళావిడ మెట్లు దిగడం మానేసింది.

చెప్పులేసుకుని, గొడుగు పట్టుకుని బస్సెక్కాను.

లెక్కల మేడం చిన్నది, మా ఆఖరి కోడలి ఈడు. స్టాఫు గదిలో దిద్దే కాగితాల గుట్ట వెనక కూర్చుంది.

"మీరాయనకి ఏమవుతారండీ?"

"పిన్నిని."

"అమ్మకి చెల్లెలా?"

"వీధి వరస" అన్నాను. ఆ అమ్మాయి నవ్వాపుకుని కుర్చీ చూపించింది.

కాపీ సంగతి మొదట అడిగాను. అట్ట గురించి చెప్పి, "ఆయన మీద ఏ ఫిర్యాదూ లేదండీ" అంది. మరి ఎందుకు తప్పాడని అడిగాను. ఆ కాగితాలు దిద్దింది తను కాదట. మార్కులు నమ్మబుద్ధికాక, ఆయన చేత అర్జీ పెట్టించి, కాగితం తెప్పించి ఇద్దరూ కలిసి చూశారట.

"మా పెట్టె లెక్కే వచ్చిందండీ, పది మార్కులకి. ఆయన చేశారు. మెట్టు మెట్టుగా, నేను చెప్పినదానికన్నా శుభ్రంగా. రెండు జవాబులొస్తాయి దానికి, నాలుగూ, పన్నెండూ. పన్నెండు కోస్తే అట్టే మిగలదని అదీ రాసి తీసేశారు. నాలుగు అని తేల్చి కింద గీత కూడా గీశారు." ఆ అమ్మాయి కలం మూత తీసి మళ్ళీ పెట్టింది. "తర్వాత మొత్తం అడ్డంగా కొట్టేశారు. కొట్టేసి, నాలుగుకి ఒక నూలు తక్కువ అని మళ్ళీ మొదలుపెట్టారు. ఆ లెక్క మా పద్ధతిలో తెగదు. టైమంతా దానికే అయిపోయింది. కొట్టేసినదానికి మార్కులివ్వకూడదని రూలు."

"ఆ గీత గీయకపోయుంటే?"

"పాసయ్యేవారండీ."

"ఎందుకు గీశాడని అడగలేదా అమ్మా?"

"అడగబోయాను. కాగితం చూసి, దండం పెట్టి వెళ్ళిపోయారు."

ఇంటికొచ్చి నేరుగా మేడెక్కాను. వాళ్ళావిడ బియ్యం ఏరుతోంది. మొత్తం చెప్పాను. కాపీ కాదు, నీ మొగుడు మర్యాదస్తుడు అని చెబితే ఆ పిల్ల గుండెల మీది బరువు దిగుతుందనుకున్నాను. చేట పక్కన పెట్టేసింది.

"కాపీ కొట్టినా బాగుండేది అత్తయ్యా" అంది. "పాసవ్వాలని మా కోసం గడ్డి కరిచాడనుకునేదాన్ని. ఇదేమిటి? చేతికొచ్చినదాన్ని తనే కొట్టేసుకున్నాడా? మేం గుర్తు రాలేదా?"

చేట నా ముందుకి లాక్కున్నాను. ఏరిన బియ్యమే మళ్ళీ ఏరుతూ ఇద్దరం కూర్చున్నాం.

సెలవు రోజు మధ్యాహ్నం ఆయన మెట్ల మీద కూర్చుని కూతురి బడిసంచీకి తెగిన పట్టీ కుడుతున్నాడు. పక్కన కూర్చున్నాను. వాళ్ళావిడ పైన తలుపు దగ్గరే ఉందని నాకు తెలుసు, గాజులు వినిపించాయి.

"కాలేజీకి వెళ్ళొచ్చా."

"తెలుసు పిన్నీ. నువ్వు వెళ్ళకుండా ఉంటావా."

"నాలుగు అని రాశావు. అట్టకి మందం లేదనుకోమని మేడం చెప్పింది, నీ కూతురు చిలక్కి చెప్పినట్టు చెప్పింది, నువ్వూ నేర్చుకున్నావు. అన్నీ తెలిసి ఎందుకు కొట్టేశావయ్యా? నీ కోసం కాదు, పైనున్న ఆ ఇద్దరి కోసం చెప్పు."

సూది పట్టీలో గుచ్చి అలాగే ఉంచాడు.

"నాలుగు అని రాశాక ప్రశ్న ఇంకోసారి చదివా పిన్నీ. కంపెనీ అలాంటి పెట్టెలు పదివేలు చేస్తుందని ఉంది. నేను పాసైతే కూర్చునేది ఆ పైగది కుర్చీలోనే కదా. నేను రాసిన అంకే కిందికి పోతుంది. బల్ల దగ్గర మనిషుంటే, మొదటి మూల చీలగానే కత్తి పక్కన పెట్టి, పైకొచ్చి అడుగుతాడు. ఇప్పుడు కింద మిషనేగా, ఎవరున్నారు, అడగడానికి?"