దానమ్మ చదివించిన డబ్బా

కొల్లేటికోటలో చేపలు కోసే దానమ్మ, మనవడు బొద్దుగా ఉన్నాడని ఎవరన్నా మెచ్చుకుంటే మొహం ముడుచుకునేది. కూతురు కాన్పులోనే పోయింది. ఆమె కన్న నానికి ఇప్పుడు ఆరో నెల. డబ్బా పాలతోనే పెరుగుతున్నాడు.

"నెలలో కిలోన్నర పెరిగాడు, ఇంకేం కావాలి పిన్నీ?" అంది పక్కింటి మార్తమ్మ.

"తవుడు ఎక్కువేస్తే చేపకీ తూకం వస్తాదే. కోసి చూస్తే కడుపంతా కొవ్వే."

ఆమె అనుమానం డబ్బా మీద. మూడు నెలల కిందట బిడ్డకి విరేచనాలైనప్పుడు డాక్టరు రాసిందది. షాపువాడు "అన్నీ పాలపొడేనండీ" అన్నాడు. ఆమె నమ్మలేదు. డబ్బా, మందుచీటీ సంచిలో వేసుకుని ఏలూరు వెళ్లి, తెలిసిన నర్సు స్టెల్లా ముందు పెట్టింది.

"ఇందులో ఏం కలిపారో చదవండమ్మా."

స్టెల్లా చదివింది. "తల్లిపాలలో ఉండే చక్కెర ఇందులో లేదండీ. బదులుగా మొక్కజొన్న నుంచి తీసిన తీపి ఉంది. అది తొందరగా రక్తంలో కలుస్తుంది. ఒళ్లు దానివల్లే వచ్చిందని ఖాయంగా చెప్పలేం. కానీ ఇది విరేచనాలు తగ్గేదాకా వాడేది, చీటీలో రెండు వారాలకే రాశారు కదండీ?"

దానమ్మ చీటీ మడిచి సంచిలో పెట్టుకుంది. డాక్టరు ఆ మాట ఆమెతోనే చెప్పాడు. మొదట్లో బిడ్డ ఒళ్లు చేస్తుంటే మురిసిపోయి, మరిచిపోయింది తనే.

మామూలు డబ్బాకి మార్చాక నాని రెండు రోజులు పేచీ పెట్టాడు. అప్పటి నుంచి దానమ్మ డబ్బా కొన్నప్పుడల్లా షాపువాడి చేత చదివించి, పక్కన నిలబడ్డ మనిషి చేత మళ్లీ చదివించేది.