డెల్మర్ గొంతు

ఇరవై ఏళ్లు హోరెత్తే పంక్ రాక్ పాటలు అరిచి డెల్మర్ గొంతు బొంగురుపోయింది. డ్రమ్స్ వాయించే నేస్తం రాయ్స్ మత్తుమందుకు బలయ్యాక బ్యాండూ చెదిరిపోయింది. ఇప్పుడు అమరిల్లో నగరం శివారు బారులో మధ్యాహ్నాలు గిటారు ఒళ్లో పెట్టుకుని, జైళ్ల గురించీ చావుల గురించీ మొరటు పల్లెబాణీ కంట్రీ పాటలు పాడుతుంటాడు. మెడ మీది పచ్చబొట్లు కనబడకుండా కాలరు ఎగదోసుకుంటాడు. "మునుపట్లా గెంతవేంరా ముసలోడా?" అని తాగుబోతులు ఆటపట్టిస్తే నవ్వి ఊరుకుంటాడు. ఆ రోజు కళ్లు మూసుకుని రాయ్స్ మీద కట్టిన పాట పాడాడు. చివరిదాకా వాడు అమ్మను పిలుస్తూనే పోయాడన్న చరణంతో పాట ముగించాడు. కళ్లు తెరిస్తే ఎదురుగా రాయ్స్ తల్లి వెర్నా నిలబడి ఉంది.

"నిద్రలోనే పోయాడని చెప్పావే నాయనా!"

"నిజం చెప్పడానికి నోరు రాలేదమ్మా."

"నువ్వు అరిచే రోజులే నయంరా. ఒక్క ముక్కా అర్థమయ్యేది కాదు," అంటూ ఆవిడ గోడ పట్టుకుని బయటికి నడిచింది.