మేకను అడిగి పెట్టిన తోట

నా పెళ్ళాం కాపురానికి వచ్చిన రోజే, వచ్చిన బండిలోనే, సారె సామాను కూడా దించకుండా తిరిగి వెళ్ళిపోబోయింది. కారణం నేను పెట్టిన పూలతోట. పూలతోట చూస్తే ఆడపిల్ల మురిసిపోతుంది గానీ పుట్టింటికి పారిపోతుందా అని మీరు అడుగుతారు. అడగండి. మా ఊరివాళ్ళు పదేళ్ళపాటు అడిగారు, అడిగి అడిగి నవ్వారు. ఎలాగూ మీరూ వాళ్ళలో చేరబోతున్నారు కాబట్టి మొదటినుంచీ చెబుతాను.

అప్పట్లో మాది మద్రాసు రాజధాని, కర్నూలు జిల్లా. మేము ఉన్నచోటే ఉన్నాం గానీ జిల్లాలే తర్వాత మా మీదుగా నడిచి వెళ్ళాయి. మార్కాపురానికి రెండు క్రోసుల దూరంలో ఊరు. నేను ట్రైనింగు పాసై అక్కడి బడిలోనే మేష్టరుగా చేరాను. బడిలో పిల్లలకు పాఠాలు, ఇంటికొస్తే అమ్మకూ నాయనకూ పాఠాలు. నాకు తెలియని సంగతి లోకంలో ఉందని నాకు తెలియని వయసు అది.

పెళ్ళిపీటల మీద మేళం హోరులో నా పక్కనున్న పిల్ల తలెత్తకుండానే ఒక్క మాట అడిగింది. పేరు తిరుపతమ్మ. రాచర్ల అవతల పల్లె. సేద్యం, గొర్రెలు ఉన్న ఇల్లు.

"మీ ఇంట్లో పెరడుందా? ఏమేం చెట్లున్నాయి?"

"పెరడేంది, పెద్ద తోటే ఉంది" అన్నాను.

ఆ పిల్ల ముఖంలో వచ్చిన వెలుగు చూసి నేను పొంగిపోయాను. పొంగు దిగాక మా ఇంటి వెనక ఏముందో గుర్తొచ్చింది. మోకాలెత్తు రాతిగోడ, ఒక బావి, ఒక చొప్పవామి, ఒక పేడదిబ్బ. పచ్చగా ఉన్నది ఏదన్నా ఉందంటే అది బావి మెట్ల మీది పాచి. పిల్ల కాపురానికి రావడానికి ఏడాది గడువు ఉంది. ఏడాదిలో తోట లేవకపోతే, నా భార్యతో నేను మాట్లాడిన మొదటి మాటే అబద్ధం అవుతుంది. ఆ దిగులుతో నాకు అన్నం సయించలేదు.

తోట ఎలా ఉండాలో మాత్రం నాకు ఖాయంగా తెలుసు. ఒకసారి కురిచేడు స్టేషన్‌లో రైలు కోసం రెండు గంటలు కూర్చున్నాను. అక్కడ సున్నం కొట్టిన రాళ్ళు వరసగా, వాటి వెనక ఎర్రటి మెట్టతామరలు, రంగురంగుల క్రోటన్లు! అది కళ్ళలో అలాగే నిలిచిపోయింది. దాని చుట్టూ ఇనుప కడ్డీల కంచె ఉందన్న సంగతి మాత్రం నిలవలేదు.

"పూలేం చేసుకుంటావురా, పులుసులో ఏసుకుంటావా?" అంది అమ్మ. "నాలుగు గోంగూర మొక్కలు, రెండు బీరపాదులు, ఒక మునగ కొమ్మ పెట్టు. వచ్చే పిల్ల కూరాకు కోసం ఇల్లిల్లూ తిరగాల్నా?"

సరే, ముందు వైపు చూడ్డానికి, వెనక వైపు తినడానికి అని రాజీ పడ్డాం. నాయన చుట్ట నోట్లోంచి తీసి, "ముందు గోడ మీద తుమ్మకంప ఏయి. తర్వాత ఏం పెట్టుకుంటావో పెట్టుకో" అన్నాడు.

"కంప ఏస్తే అది తోటలాగ ఉంటుందా నాయనా? గొర్లదొడ్డి లాగ ఉంటుంది."

నాయన చుట్ట మళ్ళీ నోట్లో పెట్టుకున్నాడు. నాయన అలా పెట్టుకున్నాడంటే లోకం ఎటు పోయినా ఇక మాట్లాడడని అర్థం.

మార్కాపురం నుంచి గులాబీ అంట్లు తెచ్చాను. మల్లె, మందారం, కరివేపాకు, అరటిపిలక, అన్నీ నాటాను. వాన పడింది. చిగుళ్ళు వచ్చాయి. ఒకరోజు బడినుంచి వచ్చి చూద్దును కదా, పెరడు గుండు కొట్టించుకున్నట్టుంది! పక్కింటి పుల్లయ్య మామ మేకలు గోడ మీద వరసగా నిలబడి నెమరు వేస్తున్నాయి. వాటికి పెద్ద ఒక నల్లమేక. నన్ను చూసి అది కదలనైనా కదల్లేదు.

"మామా! నీ మేకలు నా తోట తినేసినాయి!"

పుల్లయ్య మామ గోడ మీదుగా తొంగి చూశాడు. "తోటా? యాడుంది?"

"పొద్దున దాకా ఉండింది!"

"కంప లేకుండా పెట్టినావంటే మేకలకే పెట్టినావనుకున్నా గదబ్బయ్యా" అన్నాడు. పాపం, నిజంగానే అనుకున్నాడు.

మామూలు మనిషయితే ఇక్కడ వెళ్ళి కంప కొట్టుకొచ్చేవాడు. నేను మామూలు మనిషిని కాదు, ట్రైనింగు పాసైనవాణ్ణి. ఆలోచించాను. తప్పు గోడది కాదు, మేకదీ కాదు, మొక్కల ఎంపికది. మేక తినని మొక్కలే ఏరి పెట్టుకుంటే కంప అవసరమేముంది? ఇంత చిన్న సంగతి ఈ మెట్టప్రాంతంలో ఇంతకాలం ఒక్కరికీ తట్టలేదే అని అందరి మీదా జాలి కూడా పడ్డాను.

ఆదివారం పొద్దున్నే పుల్లయ్య మామ ఇంటికి వెళ్ళాను.

"మామా, నీ నల్లమేక ఒక పూట కావాల."

"ఎందుకబ్బయ్యా?"

"పరీక్ష పెడతా."

మామ నన్ను కాసేపు చూసి, మేకను కూడా కాసేపు చూసి, దానికేం ప్రమాదం లేదనుకున్నాడేమో, తాడు నా చేతికిచ్చి వెనకే వచ్చాడు. మేకను బావి గిలక స్తంభానికి కట్టాను. ఊళ్ళో, వంకలో, చేలగట్ల మీద దొరికిన ప్రతి చెట్టుదీ ఒక రెమ్మ విరిచి తెచ్చి కుప్ప పోశాను. పలక, బలపం పట్టుకున్నాను. తింటే ఫేలు, తినకపోతే పాసు.

గులాబీ రెమ్మ పెట్టాను. ముళ్ళతో సహా నమిలింది. ఫేలు. మల్లె ఫేలు. మందారం ఫేలు. మునగాకు చూపించేసరికి తాడు తెంపుకున్నంత పని చేసింది. గోంగూర, కరివేపాకు, బీరతీగ, అరటాకు, క్లాసుకు క్లాసే ఫేలు. నా బడిలో ఇలా జరిగితే ఇన్‌స్పెక్టరు నా ఉద్యోగం ఊడగొట్టేవాడు.

అప్పుడు గన్నేరు పెట్టాను. మేక వాసన చూసింది, తుమ్మింది, తల పక్కకు తిప్పుకుంది. పాసు! పచ్చగన్నేరు పెడితే రెండడుగులు వెనక్కి వేసింది. ఫస్టు క్లాసు! ఉమ్మెత్త పాసు, నేపాళం పాసు, తెల్ల జిల్లేడు పాసు.

"అబ్బయ్యా, మేకే వద్దన్నదాన్ని తెచ్చి ఇంట్లో పెట్టుకునేది ఏందబ్బయ్యా?" అన్నాడు పుల్లయ్య మామ.

"నీకు శాస్త్రం తెలవదులే మామా."

మీలో చాలామందికి ఈపాటికి గుండె దడ మొదలై ఉంటుంది. నాకు మొదలు కాలేదు. నలుగురు మనుషుల్ని పెట్టి వంకలోంచి నిలువెత్తు పచ్చగన్నేర్లు పెళ్ళగించి తెచ్చాను. దారికి అటూ ఇటూ ఎర్రగన్నేరు. మధ్యలో ఉమ్మెత్త. బావి దగ్గర నేపాళం. సున్నం కొట్టిన రాళ్ళ వరస. అన్నీ బతికాయి, అన్నీ పూశాయి. ఒక్క మేక గోడ దాటలేదు. "కూరకి పనికొచ్చేది ఒక్కటన్నా లేదు గదరా" అని అమ్మ గొణిగింది గానీ, తెల్ల జిల్లేడు వినాయకుడి అంశ అని దానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, కాండానికి పసుపుదారం కట్టి రోజూ దణ్ణం పెట్టుకునేది.

ఏడాది తిరిగింది. మంచిరోజు చూసి పిల్లనిచ్చిన మామ కూతుర్ని తీసుకొని బండిలో దిగాడు. మామ మంచివాడే గానీ అనుమానం మనిషి. కొత్త ఊళ్ళో మంచినీళ్ళిచ్చినా చెంబులోకి ఒకసారి తొంగి చూసి గానీ తాగడు. కాళ్ళు కడుక్కోగానే నేనే చెయ్యి పట్టుకున్నాను. "రా మామా, తోట చూపిస్తా!" వెనకాల తలొంచుకొని తిరుపతమ్మ.

"ఇదేంది అల్లుడా?"

"పచ్చగన్నేరు మామా."

"కాయలు కాసినట్టుందే."

"విరగకాసింది మామా!"

"పప్పు వస్తుందా?"

"దోసిళ్ళకు దోసిళ్ళు వస్తుంది! మీకు కావాలంటే మూట కట్టిస్తా."

గన్నేరుపప్పు నూరుకొని తాగితే ఏమవుతుందో మన దేశంలో అందరికీ తెలుసు. నాకూ తెలుసు. తోట పెట్టిన గర్వంలో ఆ తెలివిడి ఎక్కడో కింద పడిపోయింది. మామ తన భుజం మీది తువ్వాలు గట్టిగా పట్టుకున్నాడు.

"ఇది ఉమ్మెత్త గదా? దీని గింజలు తిన్నోడికి పిచ్చెత్తుతుంది గదా?"

"పూలు చూడు మామా, ఎంత తెల్లగా ఉన్నాయో."

"ఇది నేపాళం గదా? రెండు గింజలు తింటే పొద్దస్తమానం చెంబు పట్టుకొని తిరగాల గదా?"

"బావి పక్కనే పెట్టినా మామా" అన్నాను, అదొక సౌకర్యం అన్నట్టు.

అంతలో మామ చూపు జిల్లేడు మీద పడింది. పసుపు, బొట్టు, పసుపుదారం. మామ వేళ్ళు మడిచి లెక్క పెట్టడం మొదలుపెట్టాడు. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మూడో పెళ్ళి అచ్చిరాదని, మూడోసారి చేసుకునేవాడు ముందు జిల్లేడు చెట్టుకు తాళి కట్టి, ఆ తర్వాతే పిల్ల మెడలో కట్టడం మా వైపు ఆచారం.

"అల్లుడా, జిల్లేడుకు దారం కట్టేది మూడో పెళ్ళోడు. మా అమ్మి ఒకటోది. రెండోది యాడుంది? ఈ పప్పంతా ఎవురికి?"

అమ్మ పరుగున వచ్చి, "అన్నా, ఆ దారం నేను కట్టింది! దేవుడనుకొని కట్టినా!" అని మొత్తుకుంది. మామ వినే స్థితిలో లేడు. వీధిలోకి నడిచి, "రేయ్, ఎద్దుల్ని విప్పొద్దు! బండి తిప్పు! అమ్మీ, ఎక్కు!" అన్నాడు. గుమ్మం ముందు జనం పోగయ్యారు. సారె గంప బండిలో అలాగే ఉంది. ఒకే ఒక్క మాట మాట్లాడిన పిల్ల, ఆ మాట కోసం నేను ఏడాది కష్టపడిన పిల్ల, నా మీద హత్యానేరం మోపి వెళ్ళిపోతోంది.

"మామా, ఒట్టు మామా! నాకేం తెలవదు! ఈ చెట్లు నేను ఎంచుకున్నవి గాదు!"

"మరి ఎవురు ఎంచినారు?"

"పుల్లయ్య మామ మేక!"

వీధి వీధంతా అతని వైపు తిరిగింది. పుల్లయ్య మామ ముందుకొచ్చి, "నిజమే అన్నా. నా మేకే. పలక మీద మార్కులు గూడా ఏసినాడు" అని సాక్ష్యం చెప్పాడు. నేను ఏడుపు గొంతుతో పరీక్ష సంగతంతా చెప్పేశాను. ఏది ఫేలు, ఏది పాసు, ఎందుకు పాసు.

బండి చక్రం దగ్గర నిలబడ్డ తిరుపతమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాను. భుజాలు ఊగుతున్నాయి. కొంగు తీసేసరికి నవ్వు! అంతమంది పెద్దల ముందు కొత్తకోడలు అలా నవ్వడం మా వీధి ఎన్నడూ చూడలేదు.

"నాయనా, ఒకరికి విషం పెట్టాలంటే తెలివి ఉండాల. ఈయన మేకను అడిగి తోట పెట్టినాడు. ఈయనతో నాకేం భయంల్యా. సామాను దించు."

నా జీవితంలో నాకు దొరికిన అతి పెద్ద మెప్పు అదే. మామ నన్ను పైనుంచి కిందిదాకా చూసి, కూతురు చెప్పింది సబబే అనిపించి, ఎద్దుల్ని విప్పమన్నాడు.

మర్నాడు పొద్దున్నే తిరుపతమ్మ గడ్డపార తెచ్చి నా చేతికిచ్చింది. "మేక తప్పేం ల్యా. తినేవన్నీ మంచివని అది ఒక్కొక్కటీ తిని మరీ చెప్పింది. నువ్వే తలకిందులుగా రాసుకున్నావు. పాసైనవన్నీ పీకు, ఫేలైనవన్నీ నాటు. ముందు కంప కొట్టుకురా."

జిల్లేడును మాత్రం అమ్మ కోసం ఉంచాం, దారం విప్పేసి. ఇద్దరం కంప లాగుతుంటే, ఉండబట్టలేక అడిగాను. "తోట ఉందని ఆ రోజు అబద్ధం చెప్పినా. కోపంగా లేదా?"

"ఆ రోజే తెలుసులే. మన్ను ముట్టిన చేతులా అవి?" అంది. "అడిగిన మాట ఏడాది దాకా మర్చిపోలేదు గదా. చాల్లే."

తుమ్మముల్లు అరచేతిలో దిగింది గానీ నాకు నొప్పి తెలియలేదు. ఆ కంప లోపల నాలుగు నెలలకు గోంగూర, బీర, మునగ, వాటి మధ్య మల్లె, గులాబీ కలిసిమెలిసి లేచాయి. కూరాకు కోసుకొని వస్తూ వస్తూ తిరుపతమ్మ ఒక పువ్వు తుంచి తల్లో పెట్టుకునేది. అంత అందమైన తోట నేను ఏ స్టేషన్‌లోనూ చూడలేదు.

మామ మళ్ళీ వచ్చినప్పుడు ఆ గోంగూరతోనే పచ్చడి చేసింది. మామ విస్తరి ముందు కూర్చొని చెయ్యి కదపలేదు.

"ముందు నువ్వు తిను అల్లుడా."

తిన్నాను. నమిలాను. మింగాను. మామ నా కళ్ళలోకి చూస్తూ కాసేపు ఆగి, "పదహారో ఎక్కం చెప్పు" అన్నాడు, నాకు పిచ్చెత్తలేదని రూఢి చేసుకోవడానికి.

మొదలుపెట్టాను. ఏడో మెట్టు దగ్గర ఆగిపోయాను. మామ విస్తరి మెల్లగా అవతలికి జరిపాడు.

"తిను నాయనా" అంది తిరుపతమ్మ లోపలినుంచి. "అది ఆయనకు ఎప్పుడూ రాదు."

కాబట్టి చదువరులారా, బుద్ధి తెచ్చుకున్న నేను మీ అందరి ఎదుట ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఇంకే మేకనూ ఏ విషయంలోనూ సలహా అడగను. తప్పనిసరై అడగవలసి వస్తే, అది చెప్పినదానికి అర్థమేమిటో మా ఆవిడ నోట విన్న తర్వాతే గడ్డపార ముట్టుకుంటాను.