ఎడమ స్టీరింగు బండి

మా ముత్తాత తండ్రి పదకొండు ఊళ్ళకు పెద్ద. గుర్రం దిగకుండానే తీర్పు చెప్పేవాడని మా ఇంట్లో చెప్పుకుంటారు. దిగితే మళ్ళీ ఎక్కించడానికి నలుగురు కావలసి వచ్చేదని ఊళ్ళో చెప్పుకుంటారు. మా ముత్తాత ఎదుట తాసిల్దారు కూడా చాప మీదే కూర్చునేవాడట. మా తాత, రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక మిలిటరీ వాళ్ళు వేలం వేసిన పికప్ బండ్లు ఒకటికి రెండు తెచ్చి వాకిట్లో నిలబెట్టాడు. మా నాయన సర్పంచి ఎన్నికల్లో ఒక్కసారి పోటీ చేశాడు. ఓటు అడగడం మా ఇంటి మర్యాద కాదని ఎవరినీ అడగలేదు, ఎవరూ వేయలేదు. నేను ఆ రెండు బండ్లలో మిగిలిన ఒకదానికి యజమానిని. వంశంలో నా హోదా అంతవరకే.

ఆ బండి స్టీరింగు ఎడమ వైపు ఉంటుంది. అమెరికా నుంచి యుద్ధానికి వచ్చిన బండి కాబట్టి మన పద్ధతులు దానికి తెలియవు. మన దగ్గర పెద్దమనిషి డ్రైవరుకు ఎడమ పక్కన కూర్చుంటాడు, జనం ఆ వైపు చూసి దండం పెడతారు. మా బండిలో ఆ చోట డ్రైవరు ఉండేవాడు. మా తాత కుడి పక్కన మీసం దువ్వుకుంటూ కూర్చుంటే, దారి పొడవునా దండాలన్నీ డ్రైవరు సాయిబుకు పోయేవి. ఆయన మర్యాదస్తుడు, ప్రతి దండానికీ తల ఊపేవాడు.

"దండం నాకు పెడతాండారు, నువ్వెందుకురా తల ఊపేది?" అని మా తాత ఒకరోజు గద్దించాడట.

"ఊపకపోతే దొరకు పొగరెక్కువ అంటారు సామీ" అన్నాడట సాయిబు.

మర్నాటి నుంచీ సాయిబు తల ఊపుతూనే ఉన్నాడు, మా తాత మీసం దువ్వుకుంటూనే ఉన్నాడు.

మా తాత గురించి ఇంకొక మాట చెప్పాలి. ఆయన జన్మలో ఎవరినీ ఏదీ అడగలేదు. ఎవరి ఇంటికైనా పోయినప్పుడు ఎద్దును చూసో, పొట్టేలును చూసో, రాగి గంగాళాన్ని చూసో "బాగుందే" అనేవాడు. అంతే. తెల్లారేసరికి ఆ ఎద్దు మా కొట్టంలో ఉండేది. దీన్ని మా ఇంట్లో మర్యాద అనేవారు. నేను ఆ మర్యాదలోనే పెరిగాను. మాకు ఎద్దులు పోయాయి, కొట్టం పోయింది. ఆ మర్యాద మాత్రం నా వెన్నులో ఒక కర్రలాగ నిలబడి ఉండిపోయింది. నడుము వంగదని నన్ను చూసి ఊళ్ళో వాళ్ళు నవ్వుతారు. డాక్టరు దానికి వేరే పేరు చెప్పాడు గానీ నేను ఒప్పుకోలేదు.

ఇక మా ఊరి ఆయుధ పూజ. ఆ రోజు ఊళ్ళో ఉన్న బండ్లన్నీ, ట్రాక్టర్లు, ఆటోలు, మోటారు సైకిళ్ళు, కడిగి పసుపు కుంకుమ పెట్టి వరసగా నిలబెడతారు. ముందు మా మిలిటరీ బండి ఉండాలి. దాని ముందు బూడిదగుమ్మడికాయ పగలాలి, దాని చక్రాల కింద నిమ్మకాయలు నలగాలి. అది కదిలినాకే వెనక బండ్లు కదలాలి. మా తాత నాటి ఆనవాయితీ. మాకు ఊళ్ళో మిగిలిన పెద్దరికం ఏడాదికి ఆ నూరు గజాలు.

ఆ నూరు గజాలను కూడా నేనే చెడగొట్టుకున్నాను. ఒక మే నెల మధ్యాహ్నం బండి వేసుకుని టౌనుకు బయలుదేరాను. నేను బండి నడపగలను. ఎదురుగా గోడ ఏదైనా ఉంటే ఆపగలను కూడా. మిట్ట ఎక్కేటప్పటికి రేడియేటరు మసిలి ఆవిరి చిమ్మింది. పక్కనే చలివేంద్రం కనబడింది. అక్కడి కుండలో నీళ్ళు చల్లగా ఉన్నాయి. మండిపోతున్న ఇంజనుకు చల్లటి నీళ్ళు పోయకూడదని డ్రైవర్లకు తెలుసు. దొరలకు తెలియదు. కుండెడు పోశాను. లోపల టప్పుమని ఒక చప్పుడు వచ్చింది.

బుక్కరాయసముద్రంలో షెడ్డు పెట్టుకున్న మెకానిక్కు వచ్చి చూశాడు. ఈయన ఆ డ్రైవరు సాయిబు కొడుకు, నాకంటే రెండేళ్ళు చిన్న. వాళ్ళ నాయన మా తాతను సామీ అంటే, ఈయన నన్ను అన్నా అంటాడు. కోపం వస్తే దొరా అంటాడు.

"హెడ్డు పగిలింది దొరా" అన్నాడు బానెట్టులోంచి తల ఎత్తి. ఇంజను పైన మూతలాగ బిగించే పెద్ద ఇనుప దిమ్మె అది. "సన్నగా, ఈ చివర్నించి ఆ చివరికి. వెల్డింగు పెడితే నిలబడదు. ఇట్లాంటిదే ఇంకోటి కావల్ల."

"కొందాం."

"యాడ కొంటావు? సంతలోనా?"

తరువాత రెండు ఆయుధ పూజలకు మా బండిని ట్రాక్టరుకు గొలుసు కట్టి లాగించారు. నేను స్టీరింగు పట్టుకుని, లాగుతున్నది నేనే అన్నట్టు ముఖం పెట్టి కూర్చున్నాను. రెండో ఏడు పూజ కాగానే బోరు లారీ ఆయన నా దగ్గరకు వచ్చాడు. మా చుట్టుపక్కల నాలుగు మండలాల్లో బోర్లు వేసేది ఆయన లారీయే.

"ఏమనుకోవద్దన్నా" అన్నాడు. "ఒక సంవత్సరం లాగించినాము, రెండో సంవత్సరం లాగించినాము. వచ్చే దసరాకి నీ బండి దానంతటది కదలకపోతే నా లారీ ముందు పోతాది. పెద్దోళ్ళందరూ సరే అన్నారు."

పెద్దోళ్ళు నా వెనకే నిలబడి ఉన్నారు. ఎవరూ కాదనలేదు.

ఆ ఏడాదంతా హెడ్డు వేటలో గడిచింది. గుత్తి, గుంతకల్లు, హిందూపురం పాత ఇనుప సామాన్ల కొట్లన్నీ తిరిగాము. బెంగుళూరులో గుజిరీ అంగళ్ళ మధ్య ఒక ముసలాయన మా బండి ఫోటో ఫోనులో చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"హెడ్డు లేదు గానీ ఈ బండిని పెళ్ళి ఫోటోలకు బాడుగకు ఇస్తారా సార్?" అన్నాడు.

"మా ఇంటి బండి బాడుగకు తిరగదు" అన్నాను.

"తిరిగేదేముంది సార్, నిలబడే పనే కదా."

మెకానిక్కు నవ్వు ఆపుకోలేక అంగడి బయటికి పోయాడు.

దసరాకు నెల రోజులు ఉందనగా మెకానిక్కుకు వాళ్ళ నాయన ఎప్పుడో చెప్పిన సంగతి జ్ఞాపకం వచ్చింది. రెండో బండిని మా నాయన ఒక కరువులో అమ్మేశాడు. కొన్న రైతు దాని ఇంజను ఊడదీసి బావి మీద పెట్టి నీళ్ళు తోడించుకున్నాడట. కొత్తచెరువు దాటి గోరంట్ల దారిలో ఒక ఊరు. మెకానిక్కు మోటారు సైకిలు మీద పోయాము. వెనక కూర్చున్నవాడు ముందువాణ్ణి పట్టుకోవాలి. నేను పట్టుకోలేదు. గుంతలు వచ్చినప్పుడల్లా ఒక్కొక్కసారి పైకి లేచి, నిటారుగానే మళ్ళీ సీటు మీద పడ్డాను.

బండి కొన్న రైతు పోయాడు. ఆయన కొడుకు ఉన్నాడు. కాస్త వేరుశనగ, నలభై గొర్రెలు, ఎండిపోయిన బావి. బావి పక్కన రేకుల కింద, సిమెంటు దిమ్మె మీద ఇంజను ఉంది. నీళ్ళు పాతాళానికి దిగినాక దానికి పని లేదు. హెడ్డు చెక్కుచెదరలేదు. దాని మీద ఒక గంప, గంపలో ఒక పొదిగే కోడి.

ఏడాదిగా నేను వెతుకుతున్నది అదే. ఆ మాట నేను బయట పెట్టలేదు. ఇంజను చుట్టూ నెమ్మదిగా ఒకసారి తిరిగి, మా తాత నిలబడినట్టు నిలబడి అన్నాను.

"బాగుందే."

"బాగుండాది సామీ" అన్నాడు రైతు.

మజ్జిగ ఇచ్చారు, తాగాను. వానల గురించి మాట్లాడాము, అంటే లేని వానల గురించి. లేచి వచ్చేశాను. ఊరు దాటాక మెకానిక్కు బండి ఆపాడు.

"ఏమప్పా, అడగలేదే?"

"అడిగాను."

"యాడ అడిగినావు? నేను పక్కనే ఉంటి గదా."

"బాగుందే అన్నాను. నువ్వు వినలేదా?"

ఆయన నా ముఖం చూశాడు. తర్వాత బండి స్టార్టు చేశాడు. బుక్కరాయసముద్రం చేరేదాకా ఒక్క గుంత కూడా తప్పించలేదు.

నేను ఇంటికి వచ్చి వాకిట్లో హెడ్డు దించడానికి చోటు చిమ్మించాను. గోనెసంచులు పరిపించాను. పొద్దున్నే లేచి వీధి తలుపు తీసి చూసేవాణ్ణి. వారం చూశాను. ఎనిమిదో రోజు మెకానిక్కు వచ్చి ఆ గోనెసంచులు చూశాడు.

"ఇవేంటికి పరిచినావు?"

చెప్పాను. ఆయన ఆ సంచుల మీదే కూలబడ్డాడు.

"మీ తాత బాగుందే అంటే ఎందుకు పంపినారంటావు? ఆ ఎద్దు పంపకపోతే రేపు చెరువు నీళ్ళు తన మడికి రావని రైతుకు భయం. నువ్వు ఆపేటందుకు యాడుండాయి నీళ్ళు? దసరాకి నెల కూడా లేదు దొరా. రేపు నాతో వచ్చి నోరు తెరిచి అడుగు. లేదంటే బోరు లారీ వెనకాల నిలబడు. రెండే దావలు."

మరుసటి రోజు పోయాము. రైతు మంచం వాల్చాడు. నేను కూర్చోలేదు. గొంతు సవరించుకున్నాను. వాన గురించి రెండు మాటలు చెప్పాను. గొర్రెలు బాగున్నాయన్నాను. వెంటనే ఆయన భార్య గొర్రెల వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసింది.

"ఈయప్ప మొన్న గూడా ఇట్లే తిరిగి పోయినాడు" అంది భర్తతో. "ఏం కావల్నో అడగరాదా? ఎండలో అంత దూరం ఊరికే వస్తారా?"

"ఆయప్పే అడుగుతాడు, ఉండు" అన్నాడు రైతు. తర్వాత నాకేసి తిరిగి, కోపం లేకుండా, వేరుశనగ పంట గురించి చెబుతున్నట్టే చెప్పాడు. "మా నాయన ఆ బండి కావాలని మీ వాకిట్లో మూడు దినాలు నిలబడినాడు సామీ. అమ్ముతామని మీ నాయన నోటితో చెప్పల్లంటే నామోషీ. అమ్ముతారా అని మా నాయన అడగల్లంటే భయం. మూడో దినం మీ డ్రైవరు సాయిబే ఇద్దరి తరపునా మాట్లాడినాడంట."

మెకానిక్కు ఎటో చూస్తున్నాడు. ఈసారి ఎవరి తరపునా మాట్లాడడని నాకు అర్థమయింది.

"ఆ హెడ్డు నాకు కావాలి" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "అది లేకపోతే దసరాకు నా బండి కదలదు. ఇస్తావా?"

"ఇస్తా. దానికేముంది" అన్నాడు రైతు.

"యాడ ఇస్తావు?" అంది ఆయన భార్య. "కోడి పొదుగుతాంది. ఇప్పుడు కదిలిస్తే గుడ్లన్నీ పాడైపోతాయి. ఇంకా ఆరు దినాలు."

"గంప పక్కన పెడితే..." అన్నాను.

"నీ బండి దసరాకి కదలకపోతే వచ్చే దసరాకి కదుల్తాది. పిల్లలు వచ్చే దసరాకి పుట్టవు గదా."

పదకొండు ఊళ్ళ పెద్ద వంశంలో పుట్టినవాణ్ణి, ఆరు రోజులు కోడి కోసం కాచుకున్నాను. ఫోను చేసి పిల్లలు లేచాయా అని కూడా అడిగాను. ఒకసారి అడగడం వచ్చాక నోరు ఆగలేదు. ఏడో రోజు మెకానిక్కు పోయి, తుప్పు పట్టిన బోల్టులకు కిరసనాయిలు పోసి నానబెట్టి, ఒక్కటి కూడా విరగకుండా హెడ్డు విప్పి తెచ్చాడు. రైతు దుడ్లు తీసుకోలేదట. "పూజకి వస్తామని చెప్పు" అన్నాడట.

ఆయుధ పూజ రోజు బండి దానంతటది కదిలింది. గుమ్మడికాయ పగిలింది, నిమ్మకాయలు నలిగాయి, వెనక బోరు లారీ మర్యాదగా హారను కొట్టింది. పగ్గాలు నా చేతికి ఇవ్వడానికి మెకానిక్కు ఒప్పుకోలేదు. "ముందర గుడి గోడ ఉండాది" అన్నాడు. ఆయన ఎడమ పక్కన, నేను కుడి పక్కన. జనం ఎప్పటిలాగే ఎడమ వైపు చూసి దండాలు పెట్టారు. ఆయన వాళ్ళ నాయనలాగే ప్రతి దండానికీ తల ఊపాడు.

బండి ఆగాక రైతు, ఆయన భార్య దగ్గరకు వచ్చారు. రైతు బానెట్టు మీద అరచెయ్యి ఆనించి, ఈ చివర్నించి ఆ చివరిదాకా నిమిరాడు.

"బాగుండాదే" అన్నాడు.

తల తిప్పుకుని, ఏమీ వినబడనట్టు, నలిగిన నిమ్మకాయలను చూస్తూ నిలబడ్డాను. మా తాత ఆ మాట అన్నప్పుడు ఎందరు రైతులు ఇట్లా కొట్టంలోని ఎద్దు వైపు చూడకుండా నిలబడి ఉంటారో.

"ఊరికే అన్నాడన్నా" అన్నాడు మెకానిక్కు నా చెవిలో. "రేపు పొద్దున పంపేవు."

పంపలేదు. హెడ్డు ఊరికే వచ్చింది గానీ బండికి అయిదు టైర్లు, బ్యాటరీ, రేడియేటరు, బ్రేకులు వేయించవలసి వచ్చింది. వాటికోసం చెరువు కింద మాకు మిగిలిన ఒకే ఒక్క ఎకరా అమ్మాను. కొన్నది బోరు లారీ ఆయన.