ఐదో లాంచీ

ముప్పై ఏళ్లు లాంచీలు నడిపినందుకు ఆయన్ని ఊరంతా సరంగు అనే పిలిచేది. పనిలోంచి దిగాక, తను నడిపిన లాంచీల నమూనాలు ఒక్కొక్కటే చేయించి ముందుగదిలో అద్దాల బీరువాలో పెట్టుకున్నాడు. నాలుగయ్యాయి. ఐదోది మునిగిపోయిన లాంచీ. అందులో పదకొండు మంది పోయారు. టికెట్లు కోసే బావమరిది వాళ్లలో ఒకడు.

"ఆ పీడని కోరి మరీ ఇంటికి తెచ్చుకుంటారా?" అంది భార్య. తమ్ముడు పోయి పన్నెండేళ్లయినా, వంతెన దాటేటప్పుడు ఆమె నీళ్లవైపు చూడదు.

"అదొక్కటీ లేకపోతే దాచిపెట్టినట్టుంటుందే," అన్నాడు సరంగు.

నమూనాలు చేసేవాణ్ణి పుల్లల మేస్త్రి అంటారు. అడుగుకు పావంగుళం లెక్క. మేకు తలకాయ కూడా వదలడు. పాత ఫొటోలు రెండే దొరకడంతో, సరంగు రోజూ కొట్టుకెళ్లి జిగురు వాసనలో స్టూలు మీద కూర్చుని బెంచీలెన్నో, కమ్మీ ఎంత ఎత్తో చెప్పేవాడు.

"లైఫ్ జాకెట్లు ఎక్కడ తగిలించేవాళ్లు?" అడిగాడు మేస్త్రి ఓరోజు.

"తగిలించలేదు. వెనక పెట్టెలో ఉండేవి."

"మూత తీసి ఉంచనా, వేసెయ్యనా?"

సరంగు కాలితో చెక్కపొట్టు కెలికాడు.

"వేసెయ్యి. తాళం కూడా పెట్టు."

మూడు నెలలకి మేస్త్రి తనే మోసుకొచ్చాడు. అప్పటికి సరంగు ఇంట్లో లేడు, మందుల షాపుకెళ్లాడు. మేస్త్రి మురిసిపోతూ సరంగు భార్యకి చూపించాడు.

"ఇదిగోనమ్మా, ఆవగింజంత తాళం! జాకెట్ల పెట్టెకి. సరంగుగారు గుర్తుపెట్టుకుని చెప్పారు."

జాకెట్లు వరదకి కొట్టుకుపోయాయనే ఆమె ఇన్నేళ్లూ విన్నది.

సరంగు వచ్చేసరికి నమూనా ముందు నేలమీద కూర్చుని ఉంది.

"తాళంచెవి ఎవరి దగ్గరుంది?"

"జాకెట్లు ఎత్తుకుపోతున్నారని ఓనరే తాళం వేయించాడు..."

"ఎవరి దగ్గరుందీ అంటున్నా."

"నా జేబులో. లాంచీ ఒరిగిపోతోంది, చక్రం వదల్లేకపోయాను. వాడు వెనకనించి 'బావా, తాళం' అని అరిచాడు. రెండుసార్లు అరిచాడు."

ఆమె ఏడవలేదు. "ఇన్నేళ్లూ నా చేతి ముద్ద ఎలా దిగిందండీ మీకు?" అంది.

మర్నాడు అక్క ఇంటికెళ్లింది. పది రోజులని చెప్పింది, ఏడాది దాటింది. సరంగు రెండుసార్లు వెళ్లాడు. మొదటిసారి మంచినీళ్లిచ్చారు. రెండోసారి వాళ్లక్క గుమ్మానికి అడ్డంగా నిలబడి, "అది పడుకుంది మరిదీ," అంది. పట్టపగలు పదకొండు గంటలు. లోపల కుట్టుమిషను ఆడుతోంది. సరంగు కాసేపు ఆ చప్పుడు విని, బస్టాండు వైపు నడిచాడు.